రాజా కూలర్స్: మా గురించి

మే నెల రెండో వారం. సెంటినరీ కాలనీలో మధ్యాహ్నం రెండు గంటలకు కుక్కలు కూడా క్వార్టర్ల నీడ వదిలి బయటికి రావు. అలాంటి ఎండలో ఎవరో వచ్చి సహస్ర వాళ్ల తలుపు దబదబా బాదారు.

సహస్ర ఒక్క ఉరుకులో వెళ్లి తీసింది. లోపలి గదిలో నాన్న రఘుపతి నిద్రపోతున్నాడు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇల్లు చేరిన మనిషి.

బయట ఒక పెద్దాయన. నెత్తిన తువ్వాల, చేతిలో ఫోన్.

"బిడ్డా, నా కూలర్ తయారైందా?"

"ఏం కూలరే?"

"రాజా కూలర్స్ ఇదే కదా? ఫోన్ల ఇక్కడికే చూపెడుతున్నది."

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొన్న ఒకావిడ కాలిపోయిన మోటర్ చంకన పెట్టుకొని నేరుగా వంటింటిదాకా వచ్చేసింది.

లోపల్నుంచి నాన్న గొంతు వినిపించింది. "ఎవలే అది? డ్యూటీ చేసొచ్చినోన్ని జర పండనియ్యరా?"

సహస్ర చున్నీ మొహానికి చుట్టుకొని స్కూటీ తీసింది.

రాజా కూలర్స్ మెయిన్ రోడ్డు మీద, వాటర్ ట్యాంకు దాటాక, ఒక రేకుల షెడ్డు. ముందు వరుసగా కూలర్లు. లోపల ఒక ముసలాయన కుర్చీలో కూర్చొని జాలీలో గడ్డి పరుస్తున్నాడు. నాలుగు పిడికిళ్ల గడ్డి పరిచి, ఊపిరి తీసుకొని, మళ్లీ పరుస్తున్నాడు. కింద ఒక యువకుడు రేకుకు రివిట్లు కొడుతున్నాడు.

"రాజా ఎవలు ఇక్కడ?"

యువకుడు తలెత్తాడు. "రాజా అనెటోళ్లు ఈడ ఎవలూ లేరు. నేను జైపాల్."

"అయితే లేని రాజాకు చెప్పు. మీ కస్టమర్లంత మా ఇంటికి వస్తున్నరు. మా నాన్నకు వారం సంది నిద్ర లేదు. నిద్ర లేకుండ బొగ్గు బాయిలకు దిగితే ఎట్ల ఉంటదో ఎరికేనా నీకు?"

నవ్వబోయిన జైపాల్ ఆ చివరి మాటకు ఆగిపోయాడు. కుర్చీలోని ముసలాయన చేయి కూడా ఆగింది.

"ఎరికే," అన్నాడు జైపాల్ లేచి నిలబడి, ముసలాయన దిక్కు చూపిస్తూ. "మా నాన్న సదయ్య కూడ బాయిల చేసినాయననే. తప్పైంది. ఇల్లు ఎక్కడ మీది?"

"మ్యాప్‌ల మీ దుకాణం ఎక్కడున్నదో అక్కడ!"

జైపాల్ తల గోక్కున్నాడు. "దుకాణం ఆన్‌లైన్‌ల పెట్టేటప్పుడు, ఆ రోజు ఈడ సిగ్నల్ రాలే. మీ లైన్ల మంచిగ వస్తదని ఆడ నిలబడి చేసిన. 'మీరు ఇప్పుడు ఉన్న చోటేనా' అని అడిగింది. అవునని నొక్కిన."

"ఫోన్ అడిగిందని నిజం చెప్పినవన్నట్టు!"

"అబద్ధం ఎందుకని..."

సహస్రకు నవ్వొచ్చింది. చున్నీ ఉండటం మంచిదైంది. అతని ఫోన్ లాక్కొని గుర్తును సరైన చోటికి జరిపింది. "మ్యాప్ వాళ్లు చూసి ఒప్పుకోవాలె. రెండు మూడు రోజులు పడుతది. అప్పటిదాక ఏం చేస్తవో నీ ఇష్టం."

మర్నాడు పొద్దున వాళ్ల గేటుకు ఒక అట్టముక్క వేలాడుతోంది. పెద్ద పెద్ద అక్షరాలు: "రాజా కూలర్స్ ఇది కాదు. తలుపు కొట్టకండి. లోపల రాత్రి డ్యూటీ చేసినాయన పండుకున్నడు. దుకాణం వాటర్ ట్యాంకు దాటినంక ఎడమ దిక్కు." కింద ఫోన్ నంబరు, బాణం గుర్తు.

డ్యూటీ నుంచి వచ్చిన రఘుపతి దాన్ని రెండుసార్లు చదివి, "ఎవడో తెలివిగలోడే" అని లోపలికి పోయి పడుకున్నాడు. ఆ రోజు ఎవరూ తలుపు కొట్టలేదు.

సహస్ర మాత్రం గేటు దగ్గరే నిలబడిపోయింది. చదివేవాడు ఎవడో, వాడికి ఏం కావాలో ఆలోచించి, ఎటు పోవాలో నాలుగు వాక్యాల్లో చెప్పేశాడు ఆ రాసినవాడు. ఆమె రెండేళ్లు హైదరాబాదులో ఒక వెబ్ డిజైన్ కంపెనీలో ఇదే పని చేసింది. ఫిబ్రవరిలో ఆ ఆఫీసు మూసేశారు. ఇంటికొచ్చినప్పటి నుంచి కాలనీలో, గోదావరిఖనిలో దుకాణం దుకాణం తిరిగి, "మీకు ఒక వెబ్‌సైట్ చేసిస్త" అని అడుగుతూనే ఉంది. బేకరీ ఆయన, టైలరు, ఫర్నిచర్ ఆయన అందరిదీ ఒకటే మాట. "మాకెందుకమ్మా, మేం అందరికీ ఎరికే." ఇంట్లో నాన్నది ఇంకో మాట. "ఏదన్న పరీక్షకు చదువు. లేకుంటే బొగ్గు కంపెనీల పర్మినెంట్ ఉన్న పిలగాన్ని చూస్త."

సాయంత్రం ఆమె మ్యాప్‌లో దుకాణం పేరు కింద ఉన్న జైపాల్ వెబ్‌సైట్ తెరిచి చూసింది. చూసి, నేరుగా దుకాణానికి వెళ్లింది.

"ఈ ఏసీ ముందు కూసున్న దొరసాని ఎవలు? మీ చుట్టమా?"

జైపాల్ సిగ్గుపడ్డాడు. "నెట్ల దొరికింది."

"కూలర్ల దుకాణానికి ఏసీ ఫొటో పెడతరా ఎవలన్న? ఎర్ర రంగు మీద పచ్చ అక్షరాలు ఉరుకుతున్నయి. చదువుదామంటే దొరుకుతలేవు. పేజీ తెరుచుకునే సరికి నేను చాయ పెట్టుకొని తాగిన."

"ఫోన్ నంబర్ ఉన్నది కదా?"

"ఉన్నది. పాతాళంల ఉన్నది. కిందికి దిగి దిగి వేలు నొచ్చింది."

సదయ్య కిసుక్కున నవ్వి, దగ్గొచ్చి ఆపుకున్నాడు.

"గేటుకు కట్టిన అట్ట ఎవలు రాసిండ్రు?" అని అడిగింది సహస్ర.

"నేనే."

"మరి అది రాసిన చెయ్యేనా ఇది చేసింది? నాకు ఇయ్యి ఈ పని. నేను మంచిగ చేసి నలుగురికి చూపెట్టుకుంట. పైసలద్దు."

"ఉట్టిగ అయితే నాకద్దు," అన్నాడు జైపాల్. కాసేపు ఆలోచించాడు. "మీ ఇంట్ల కూలర్ ఉన్నదా?"

"ఉన్నది. లారీ లెక్క సప్పుడు చేస్తది."

"అయితే మీ నాన్నకు నేనొక కూలర్ చేస్త. సప్పుడు లేకుండ."

అలా పని మొదలైంది. సహస్ర రోజూ పొద్దెక్కకముందే వచ్చేది. మొదట దొరసానిని పంపించేసింది. "నీ దుకాణంల నువ్వు చేసిన వస్తువు ఫొటో ఉండాలె, నీ చెయ్యి కనపడాలె," అంది. జైపాల్ కెమెరా ముందు నిలబడగానే కరెంటు స్తంభమయ్యేవాడు. "పని చెయ్యి, నన్ను చూడకు" అంటే, ఆమెనే చూసేవాడు. చివరికి సుత్తి వేలి మీద పడ్డప్పుడు తీసిన ఫొటో ఒక్కటే సహజంగా వచ్చింది. అది పనికిరాలేదు.

ఫోన్ నంబరు పేజీ నెత్తి మీదికి ఎక్కింది, ఒక్క నొక్కుతో కాల్ కలిసేలా. దుకాణం ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో రాసింది. అన్నీ తెలుగులోనే. "దుకాణానికి వచ్చినోళ్లు రోజు ఏమడుగుతరు?" అని అతన్ని గుచ్చి గుచ్చి అడిగి రాసుకుంది. గడ్డి ఎప్పుడు మార్చాలె, నీళ్లు వాసనొస్తే ఏం చెయ్యాలె, చిన్న అర్రకు ఎంత కూలర్ చాలు. వాటికి జైపాల్ నోటితో చెప్పిన జవాబులే మాట మార్చకుండా పేజీలో పెట్టింది.

ఒక్క చోట మాత్రం ఇద్దరికీ పడలేదు. రామగిరి ఆయన ఒకరు "నీళ్లు కారుతున్నయి" అని ఒక్క స్టార్ ఇచ్చి పోయాడు.

"మా దోస్తులు ఇరవై మంది ఉన్నరు. అందరితోని ఐదైదు స్టార్లు కొట్టిస్త," అన్నాడు జైపాల్.

"కొట్టిస్తే కారే నీళ్లు ఆగుతయా?"

జైపాల్ సామాను సంచి పట్టుకొని రామగిరి బయలుదేరాడు. సాయంత్రానికి ఆ ఒక్క స్టార్ నాలుగైంది. కింద "పిలగాడు ఎండల పడి వచ్చి చేసి పోయిండు" అని ఆయనే రాశాడు. ఐదో స్టార్ ఎందుకియ్యలేదని జైపాల్ రెండు రోజులు బాధపడ్డాడు.

కూలర్ కూడా తయారైంది. మోటరు కింద, ఫ్యాను కింద రబ్బరు ముక్కలు కోసి పెట్టి, చెవి ఆనించి విని, విప్పి, మళ్లీ బిగించి ఇంటికి తెచ్చి పెట్టాడు జైపాల్. రఘుపతి ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి పడుకొని సాయంత్రం నాలుగు దాకా లేవలేదు. అమ్మ సారవ్వ భయపడి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఇక మిగిలింది ఒక్క పేజీ. ‘మా గురించి’.

"రాసిన," అని జైపాల్ కాగితం ఇచ్చాడు. నాణ్యతే మా ప్రాణం, వినియోగదారుడే మా దేవుడు, నమ్మకానికి మారుపేరు...

"ఇది ఎవల గురించి?"

"మా గురించే."

"ఇది బట్టల దుకాణానికి రాసినా సరిపోతది, సిమెంటు దుకాణానికి రాసినా సరిపోతది. అసలు రాజా ఎవలు?"

అప్పుడే గాలిదుమారం లేచింది. కూలర్ల మీద కప్పిన కవర్లు ఎగిరిపోతుంటే ఇద్దరూ ఉరికి ఉరికి పట్టుకున్నారు. వెంటనే వాన. రేకుల మీద రాళ్లు పోసినట్టు చప్పుడు. వాన పడితే ప్రేమికులకు సంబరమేమో గానీ, కూలర్ల దుకాణానికి మాత్రం ఆ రోజు బేరం ఉండదు. సదయ్య ముందే ఇంటికి వెళ్లిపోయాడు. రోడ్డు మీద మనిషి లేడు. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటున్న సహస్రను చూసి, జైపాల్ చూపు తిప్పుకొని వాన దిక్కు చూస్తూ చెప్పాడు.

"రాజా అంటే మా అక్క. రాజకుమారి. నాన్న ఊపిరి పట్టక బాయి పనికి అన్‌ఫిట్ అయినప్పుడు, ఆయన బదులు ఇంట్ల ఒక్కలకు కంపెనీల ఉద్యోగం వస్తది కదా. అందరు నన్ను తీసుకోమన్నరు. అప్పటికి ఆర్నెల్ల కింద అక్క బిడ్డను ఎత్తుకొని ఇంటికొచ్చింది. బావ ఇంకొకలతోని ఉంటున్నడు. నాకు చేతిల పని ఉన్నది. అక్కకు ఏమున్నది? అక్క పేరు రాయించిన. నాన్న నాతోని నెల రోజులు మాట్లాడలే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గడ్డి పరుస్తడు. అక్క మొదటి జీతంతోని నాకు డ్రిల్లింగ్ మిషను కొనిచ్చింది. అందుకే ఈ పేరు పెట్టిన."

వాన తగ్గినా సహస్రకు లేవాలనిపించలేదు. అతను చాయ తెచ్చాడు. ఇద్దరూ గుమ్మంలోనే కూర్చొని తాగారు. ఆ గ్లాసు పట్టుకున్న చేతులకున్న గాట్లు చూస్తుంటే, ఈ మనిషిని ఎవరైనా నొప్పిస్తే ఊరుకోకూడదనిపించింది ఆమెకు.

నొప్పించింది తానే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆ పేజీ రాసింది. మనసు పెట్టి రాసింది. భర్త వదిలేసిన అక్క, చంకన పసిబిడ్డ, ఊపిరాడని తండ్రి, అక్క కోసం ఉద్యోగం వదులుకున్న తమ్ముడు. రాస్తూ ఆమెకే కళ్లు తడిశాయి. జైపాల్‌ను ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండానే పెట్టేసి, కాలనీ గ్రూపులో పంపింది.

రెండు రోజుల్లో అది మంథని దాకా, బెల్లంపల్లి దాకా పోయింది. ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. దుకాణం ఫోన్ ఆగకుండా మోగిందట. సహస్ర చేసిన ఫోన్ మాత్రం జైపాల్ ఎత్తలేదు. మూడో రోజు ఆమే వెళ్లింది.

అతను తలెత్తలేదు. రివిట్ల మీద రివిట్లు కొడుతున్నాడు.

"ఏమైంది?"

"నిన్న అక్క డ్యూటీ బస్సు ఎక్కితే, 'మొగుడు ఇడిచిపెట్టినామె నువ్వేనా' అని ఇద్దరు అడిగిండ్రట. ఎవలో ముసలామె చెయ్యి పట్టుకొని ఏడ్చిందట. అక్కకు ఆమె ఎవలో కూడ తెల్వది."

సహస్ర మొహం పాలిపోయింది. "నేను మంచికే..."

"ఎరికే. నువ్వు చెడ్డ చేద్దామని చెయ్యవు." అతను సుత్తి కింద పెట్టాడు. "కాని సహస్రా, అది నేను నీకు చెప్పిన. దుకాణానికి చెప్పలే. ఎవలికీ చెప్పని ముచ్చట నీకెందుకు చెప్పిన్నో ఒక్కసారన్న ఆలోచించినవా?"

ఆమె అక్కడే నిలబడి ఫోన్ తీసి ఆ పేజీని తీసేసింది. గ్రూపులో "అది ఇంటివాళ్లను అడగకుండా నేను రాసిన. నాదే తప్పు. దయచేసి ఎవరూ పంపకండి" అని పెట్టింది. స్కూటీ ఎక్కాక గానీ కళ్లలో నీళ్లు రానివ్వలేదు.

మర్నాడు మొదటి షిఫ్టు అయిపోయే వేళకు ఆమె బస్టాపులో నిలబడింది. బస్సు దిగిన వాళ్లలో రాజకుమారిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. అదే ముక్కు, అదే నుదురు. భుజాన టిఫిన్ బాక్సు సంచి.

"అక్కా, నేను సహస్రను. ఆ పేజీ రాసింది నేనే. తీసేసిన. నిన్ను అడగకుండ రాసుడు తప్పు. మాఫ్ చెయ్యి."

రాజకుమారి ఆమెను కిందికీ మీదికీ చూసింది. "ఎండల ఎంతసేపైంది నిలబడి?"

"గంట."

"పా, ముందుగాల సోడా తాగుదాం."

బండి దగ్గర సోడా తాగుతూ రాజకుమారి అంది. "నువ్వు రాసింది అబద్ధమేం కాదు. నాకు కోపమొచ్చింది దానికి కాదు. నా గురించి నాలుగు ముక్కలు రాస్తివి, నాలుగూ ఏడ్చేటివే. నేను డ్యూటీకి పోతున్న, బిడ్డను బడికి పంపుతున్న, నా జీతంతోని బండి నేర్చుకొని రెండుసార్లు మోరీల పడ్డ. నేను నవ్వేది ఎక్కడ రాసినవే?"

సహస్ర తల దించుకుంది. "ఎరికలే అక్కా. అడగలే కదా."

"ఇప్పుడు అడుగు. రాసుకో, చెప్త."

సోడా బండి పక్కన నిలబడి సహస్ర ఫోన్‌లో రాసుకుంది. రాసుకుంటూ రెండుసార్లు నవ్వాపుకోలేక ఆగింది. అయిపోయాక పైనుంచి కింది దాకా చదివి వినిపించి, "పెట్టమంటవా?" అని అడిగింది.

"పెట్టు. ఫొటో కూడ తియ్యి, నేను నవ్వుతున్నప్పుడు." రాజకుమారి సంచి సర్దుకుంది. "ఇంకోటి. మావోనికి కోపమొస్తే మస్తు తింటడు. మొన్నటి సంది తింటలేడు. అంటే అది కోపం కాదు. ఏందో నువ్వే పోయి చూసుకో."

కొత్త పేజీ ఇలా ఉంది: "నా పేరు రాజకుమారి. కంపెనీల డ్యూటీ చేస్త. ఈ దుకాణానికి పేరు నాది, పని నా తమ్మునిది. వాడు చేసిన మొట్టమొదటి కూలర్ మా ఇంట్లనే ఉన్నది. ముందుగాల దాని సప్పుడుకు దడిసి నా బిడ్డ పక్కింట్ల పండుకునేది. ఇప్పుడు వానికి పని వచ్చింది. రిపేరుకు పిలవండి, వస్తడు. అన్నానికి మాత్రం పిలవకండి, తొందరగ లేవడు."

మొదటి పేజీకి వచ్చినన్ని చేతులు జోడించిన బొమ్మలు దీనికి రాలేదు. కానీ ఫోన్ చేసినవాళ్లు నవ్వుతూ చేశారు, చేసినవాళ్లు వచ్చి కూలర్ కొన్నారు.

పేజీ పెట్టిన సాయంత్రమే సహస్ర దుకాణానికి వెళ్లేసరికి జైపాల్ ఫోన్‌లో అదే చదువుతున్నాడు.

"అన్నం గురించి రాసుడు అవసరమా?"

"యజమానురాలు రాయమన్నది. నేను మాట మార్చలే."

అతను నవ్వాడు. ఇన్ని రోజుల తర్వాత ఆ నవ్వు చూసి ఆమె గుండె కుదుటపడింది.

"నిన్న ఒకటడిగినవ్," అంది ఆమె. "ఎవలికీ చెప్పని ముచ్చట నాకెందుకు చెప్పినవో ఆలోచించిన్నా అని."

"ఆలోచించినవా?"

"ఆలోచించిన. నాకైతే ఒక్కటే తోచింది. అది తప్పైతే ఇప్పుడే చెప్పు, ఇంటికి పోత."

జైపాల్ చేతిలోని స్క్రూలన్నీ కింద పోసుకున్నాడు. "తప్పు కాదు," అన్నాడు. మళ్లీ అవే ఏరుకుంటూ, కిందికి చూస్తూనే, "తలుపు గురించి కొట్లాడుకుంట వచ్చినవ్ చూడు, ఆ రోజు సంది నాకు రివిటు సీదా పడుతలే," అన్నాడు.

సహస్ర పక్కన కూర్చొని స్క్రూలు ఏరడం మొదలుపెట్టింది. ఇద్దరి చేతులూ ఒకే స్క్రూ మీద పడ్డాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇంట్లో చెప్పడానికి ఆమె వారం తీసుకుంది. రఘుపతి అంతా విన్నాడు. చివరికి, "ఉద్యోగం చేతికొస్తే ఇడిచిపెట్టినోడు," అని మాత్రం అన్నాడు. అది మెప్పో తప్పుపట్టడమో సారవ్వకు కూడా అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని ఒక్కడే బయలుదేరాడు. సహస్రకు కాలు నిలవలేదు. పది నిమిషాలాగి వెనకే స్కూటీ మీద వెళ్లి, షెడ్డు పక్కన నిలబడింది.

లోపల రఘుపతి స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా సదయ్య.

"ఏ బాయిల చేసినవే సదన్న?" అని అడిగాడు రఘుపతి.

సదయ్య చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు బాయి ముచ్చట్లలోనే ఉన్నారు. జైపాల్ ఒక మూల నిలబడి, ఒకే గుడ్డతో ఒకే కూలర్‌ను తుడుస్తూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి రఘుపతి అతని దిక్కు తిరిగాడు. "పిలగా, నీకు ఉద్యోగం లేదు. ఎండాకాలం పోతే కూలర్లు ఎవలు కొంటరు?"

"వానాకాలం పొలాల మోటర్లు చేస్త మామా... రిపేర్లు." మామా అన్న మాట నోరు జారింది. జైపాల్ నాలుక కరుచుకున్నాడు.

"మరి నా బిడ్డ?"

"తన పని తనకున్నది. ఈ పేజీ చూసి టైలరు, బేకరీ ఆయన తనకు ఫోన్లు చేస్తున్నరట. మల్ల హైదరాబాద్ పోత అంటే పోతది, ఈడనే చేస్త అంటే చేస్తది. నేను అడ్డం రాను."

రఘుపతి అతన్ని నిదానంగా చూశాడు. "అక్కకు ఉద్యోగం ఇచ్చినందుకు ఎప్పుడన్న మనసుల వెలితి పడ్డదా?"

జైపాల్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు. "జీతాల రోజు దోస్తులను చూస్తే అప్పుడప్పుడు పడ్డది," అన్నాడు. "అక్కను చూస్తే పడలే."

పడలేదని సాఫుగా చెప్పి ఉంటే రఘుపతి నమ్మేవాడు కాదేమో. ఆయన తల ఊపి, చాయ తాగేసి, గ్లాసు కింద పెట్టి లేచాడు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి, కుర్చీలోని సదయ్యతో అన్నాడు:

"మంచిది, పోయొస్త బావా. వచ్చే ఐతారం మా ఇంటికే రాండ్రి అందరు."

సదయ్య చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. వచ్చినప్పుడు అన్న అని పిలిచిన మనిషి, పోయేటప్పుడు బావ అన్నాడు. జైపాల్ నాన్న మొహం చూశాడు, నాన్న అతని మొహం చూశాడు.

షెడ్డు పక్కన నిలబడ్డ సహస్ర రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అంత ఎండల నిలబడకు," అన్నాడు రఘుపతి ఆమె పక్క నుంచి నడుస్తూ, చూడనట్టే. "లోపలికి పో. నీ మామకు మంచినీళ్లియ్యి."